ముక్కు చూసి కారు పోల్చవచ్చు

మా కాపెల్ రోడ్ల మీద బి.ఎమ్.డబ్ల్యూ. ఎదురైతే పేరు చదవకుండానే పోల్చేస్తాను. కారణం, మూత్రపిండాల ఆకారంలో ఉండే జంట గ్రిల్. 1933లో 303 మోడల్‌కి రేడియేటర్‌కి గాలి అందడం కోసం పెట్టారు. 1961లో చూపించిన 1500 మోడల్‌లో వెనక కిటికీ మూలని ముందుకి వంచారు. అదే హోఫ్‌మైస్టర్ వంపు. 2001లో క్రిస్ బ్యాంగిల్ హయాంలో వచ్చిన 7 సిరీస్ డిక్కీ ఎత్తుగా ఉందని అభిమానులే తిట్టిపోశారు. 2020లో 4 సిరీస్ గ్రిల్ నిలువునా పెరిగి మళ్ళీ గొడవైంది.

మరి 2025లో వచ్చిన ఐఎక్స్3 విద్యుత్ కారు. ఇంజనే లేదు, అంత గాలి అక్కర్లేదు. అయినా 1960ల నాటి సన్నని నిలువు గ్రిల్ ఆకారాన్ని తిరిగి తెచ్చారు. పని తగ్గినా గుర్తు వదులుకోలేదన్నమాట! అది పోతే నలుగురిలో ఆ కారుని పోల్చేదెలా? ఈసారి పార్కింగ్‌లో మీ పిల్లలకి ఈ గుర్తులు చూపించండి.