శరత్తు, మంచు, జీడిపూత: ఉద్దాన తీరంలో ఋతుభావన

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యసంప్రదాయంలో శరత్తు అంటే నిర్మలమైన ఆకాశం, పండువెన్నెల. శ్రీకాకుళం జిల్లా ఉద్దాన తీరంలో అది ఉక్కపోతకూ తుఫాను భయానికీ కాలం; ఆ తరువాత రావలసిన చలికోసం ఎదురుచూసే కాలం కూడా. శరత్తులో వేడి ఎందుకు నిలిచిపోతుందో, జీడిమామిడి పూతకు చలి ఎందుకు అవసరమో, 'మంచు' అనే ఒక్క మాటలో ఎన్ని వాతావరణస్థితులు ఇమిడి ఉన్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉద్దానం, శరత్తు, కార్తె, ఉక్క, మంచు, జీడిమామిడి, తిత్లీ.

1. ఉపోద్ఘాతం

పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో తోటలు విస్తరించిన తీరభూమిని ఉద్దానం అంటారు. ఉద్యానవనమే వాడుకలో ఉద్దానమైందని ప్రతీతి. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ప్రధానమైన చెట్లు. పలాస-కాశీబుగ్గ జంటపట్టణం జీడిపప్పు పరిశ్రమకు కేంద్రం. దక్షిణంగా టెక్కలి దాటితే నౌపడ ఉప్పుమడులు కనిపిస్తాయి. ఇక్కడి జీవనోపాధి ఋతువుల రాకపోకలతో ముడిపడి ఉంది. అందువల్ల చలి ఆలస్యమైతే కలిగే నష్టం దేహసౌఖ్యానికి మాత్రమే పరిమితం కాదు.

2. పంచాంగపు శరత్తు, తీరపు శరత్తు

ఆశ్వయుజ కార్తిక మాసాలు శరదృతువు. మార్గశిర పుష్యాలు హేమంతం. మాఘ ఫాల్గుణాలు శిశిరం. కవులు వర్ణించిన శరత్తులో మేఘాలు తేలికపడతాయి, నదులు తేరుకుంటాయి. ఉత్తరాంధ్ర తీరం ఇటీవల చూసిన శరత్తు వేరు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మూడూ ఆశ్వయుజమాసంలోనే వచ్చాయి. తిత్లీ శరన్నవరాత్రులు మొదలైన మరునాడే వచ్చింది.

ఇక్కడ ఒక కాలగణన భేదాన్ని గుర్తించాలి. పండుగలు చాంద్రమానాన్ని అనుసరిస్తాయి కాబట్టి దీపావళి ఒక ఏడు అక్టోబరు మధ్యలోనూ, మరొక ఏడు నవంబరు మధ్యలోనూ రావచ్చు. కార్తెలు సూర్యుని నక్షత్రప్రవేశాన్ని బట్టి ఏర్పడతాయి. ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. అక్టోబరు రెండో వారంలో చిత్త, ఆ నెల చివరి భాగంలో స్వాతి, నవంబరు మొదటి వారంలో విశాఖ కార్తె ప్రవేశిస్తాయి. వ్యవసాయదారులు పనులకు కార్తెలను ఆధారం చేసుకోవడానికి కారణం ఈ స్థిరత్వమే. దీపావళి వెళ్ళినా చలి రాలేదని అనుకునేటప్పుడు, ఆ ఏడు దీపావళి ముందుగా వచ్చిందా, చలే వెనుకబడిందా అని విడదీసి చూడవలసి ఉంటుంది.

3. ఉక్కకు కారణం

నైరుతి ఋతుపవనాలు అక్టోబరులో వెనుదిరుగుతాయి. మేఘాలు తొలగడంతో ఎండ తీక్షణమవుతుంది. నేలలో వానతడి ఇంకా ఉంటుంది, సముద్రం మీదుగా తేమగాలి వీస్తూనే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు. ఆ స్థితికి తెలుగువారు పెట్టుకున్న పేరు ఉక్క. వేడి, తేమ రెండూ కలిసిన ఈ అనుభవాన్ని ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చెప్పలేదు.

చలి రావాలంటే ఉత్తరం నుంచి పొడిగాలి రావాలి, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండాలి. అప్పుడు నేల పగటివేడిని వదులుకుని చల్లబడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు వరుసగా ఏర్పడితే మేఘాలు, నీటిఆవిరి ఆ వేడిని పట్టి ఉంచుతాయి. రాత్రులు వెచ్చగానే గడుస్తాయి. 2024 అక్టోబరు దీనికి నిదర్శనం. దేశవ్యాప్త సగటును బట్టి 1901 తరువాత అంత వెచ్చని అక్టోబరు లేదని భారత వాతావరణ శాఖ ప్రకటించింది. సగటు ఉష్ణోగ్రత సాధారణం కంటే 1.23 డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. రాత్రి ఉష్ణోగ్రతల్లో పెరుగుదల ఇంకా ఎక్కువ: 20.01 డిగ్రీలు ఉండవలసిన కనిష్ఠ సగటు 21.85 డిగ్రీలకు చేరింది. పశ్చిమ అవాంతరాలు లేకపోవడం, బంగాళాఖాతంలోని అల్పపీడనాల వల్ల తూర్పుగాలులు కొనసాగడం ఇందుకు ప్రధాన కారణాలని ఆ శాఖ వివరించింది. తుఫానునూ వెచ్చని శరత్తునూ వేరువేరు విషయాలుగా చూడటం సరికాదని దీనివల్ల తెలుస్తుంది.

4. జీడిపూతకు కావలసిన చలి

జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చిన ఉష్ణమండలపు చెట్టు. గడ్డకట్టే చలిని ఇది తట్టుకోలేదు. వానలు తగ్గాక లేతచిగురు వేసి, ఆ చిగురు కొసల్లో పూతకొమ్మలు తొడుగుతుంది. తూర్పుతీరంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత, వేసవిలో కాపు. పూత బాగా రావడానికి పొడి వాతావరణం, 15 నుంచి 20 డిగ్రీల మధ్య చల్లని రాత్రులు, కొద్దిపాటి మంచు అనుకూలిస్తాయి. మబ్బుపట్టిన, తేమతో కూడిన రోజులు ఎక్కువైతే టీదోమ లేతచిగురునూ పూతకొమ్మలనూ పీల్చి మాడ్చేస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని నానుడి. జీడితోటకు దక్కే చలి గడువు దాదాపు అంతే. మొదట్లో ఆలస్యమైన రోజులను చివర్లో పొందే అవకాశం లేదు.

తిత్లీ తరువాత ఈ గడువుకు ప్రాధాన్యం పెరిగింది. జీడి అంటుమొక్క మూడో ఏట కాపు మొదలుపెట్టినా, నిండుకాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. తుఫాను తరువాత నాటిన తోటలు ఇప్పుడిప్పుడే ఆ దశకు చేరుతున్నాయి. స్థానికంగా పిక్కలు తగ్గితే పరిశ్రమ ఇతర రాష్ట్రాల నుంచో, విదేశాల నుంచో తెప్పించుకోగలదు. 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు అమ్ముకునే రైతుకు ఆ ప్రత్యామ్నాయం లేదు. పూత పోతే ఆ ఏటి ఆదాయం పోయినట్లే.

5. 'మంచు' అర్థవిస్తృతి

సంస్కృతంలో హిమం, తుషారం, నీహారం వంటి పదాలున్నాయి. హేమంత శబ్దం హిమశబ్దానికి బంధువే. తెలుగు వాడుకలో ఆకుమీది బిందువూ, దారి కనిపించనీయని పొగా, హిమాలయాల మీది తెల్లని పొరా అన్నీ మంచే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అని పిలవడానికి ఈ పదవిస్తృతి కూడా తోడ్పడింది. అక్కడ యాత్రికులకు కనిపించేది లోయల్లో పరచుకునే పొగమంచు; మరీ చలిరాత్రుల్లో గడ్డిమీద పేరుకునే తుషారం. ఆకాశం నుంచి రాలే హిమం కాదు.

ఉద్దానంలో ఈ భేదం జీవనోపాధికి సంబంధించినది. నిర్మలమైన రాత్రి కురిసే పలుచని మంచు పూతకు మేలు చేస్తుంది. రోజుల తరబడి కమ్ముకుని ఎండను అడ్డుకునే దట్టమైన పొగమంచు తేమను పెంచి పూతను చెడగొడుతుంది. ఒకే మాట, ఒకే తోట, ఫలితాలు పరస్పరవిరుద్ధం. నౌపడలో ఉప్పు పండించేవారికి పొడి ఎండ కావాలి, జీడిరైతుకు చల్లని రాత్రి కావాలి. మబ్బు ఇద్దరికీ నష్టమే.

6. ముగింపు

ఉద్దానం కోరుకునే చలికాలం హిమపాతంతో కూడినది కాదు. మేఘం లేని చల్లని రాత్రులతో, పలుచని మంచుతో కూడినది. శరత్తులో అల్పపీడనాలు, తేమ ఎక్కువకాలం నిలిస్తే ఆ రాత్రుల సంఖ్య తగ్గుతుంది. ఈ మార్పును గుర్తించడానికి పగటి ఉష్ణోగ్రత చాలదు. కనిష్ఠ ఉష్ణోగ్రత, తేమ, మబ్బు రోజుల లెక్క కూడా కావాలి. ఉక్క, పలుచని మంచు, పొగమంచు వంటి మాటల స్థానిక అర్థభేదాలను కార్తెలవారీగా సేకరించి ఆ లెక్కల పక్కన ఉంచడం భాషాపరిశోధకులు చేయదగిన పని. తమ తోటకు ఏ మంచు మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో ఉద్దానం రైతులకు తెలుసు. ఆ తెలివిడి నిఘంటువుల్లోకి ఎక్కవలసి ఉంది.