పాత ఇండిగో మరీనా: కిలోమీటరుకు నిజంగా ఎంత పడుతోంది?

మదనపల్లె, పుంగనూరు వైపు నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఆ పాత బండి డీజిల్ తాగేస్తుంది గదా, అమ్మేసి కొత్తది తీసుకోకూడదా?" ఈరోజు దీనికి లెక్కతోనే జవాబు చెప్తాను.

నాది 2006 మోడల్ టాటా ఇండిగో మరీనా, 1405 సీసీ డీజిల్. ఇండిగో కారుకే వెనక డిక్కీ బదులు పొడుగ్గా సామాను జాగా ఇచ్చి, 2004లో తెచ్చిన స్టేషన్ వ్యాగన్ ఇది.

ముందు మైలేజీ. మీటరు ముల్లు చూసి అంచనా వేయొద్దు. ట్యాంకు నిండా కొట్టించి రీడింగ్ రాసుకోండి. తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ నిండా కొట్టించండి. నేను మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి వచ్చినాను. 226 కిలోమీటర్లకు 15 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 15. మదనపల్లె బజార్లో ఏసీ వేసుకొని తిరిగితే 11కు పడిపోతుంది. రెండూ కలిపితే సగటు 14 అనుకుందాం. డీజిల్ లీటరు 97 రూపాయల లెక్కన కిలోమీటరుకు దాదాపు 7 రూపాయలు.

కర్ణాటకలో డీజిల్ ఐదారు రూపాయలు తక్కువ గదా అంటారు. నిజమే. 35 లీటర్లు కొట్టిస్తే 210 రూపాయలు మిగులుతుంది. కానీ దానికోసమే 30 కిలోమీటర్లు తిరిగితే 2 లీటర్లు, అంటే 194 రూపాయలు ఖర్చు. అటు పని ఉంటేనే లాభం.

ఇప్పుడు అసలు లెక్క. నేను ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుతాను. డీజిల్‌కు 55,400 అవుతుంది. 18 మైలేజీ ఇచ్చే కొత్త డీజిల్ బండికైతే 43,100. మిగిలేది 12,300. రిపేర్లకు నేను ఏటా 30,000 పక్కన పెడతాను. కొత్తదానికి సర్వీసు 8,000 అనుకుంటే అక్కడ ఇంకో 22,000 తేడా. మొత్తం 34,300. మరి 10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకోండి. మొదటి ఏడాది వడ్డీనే 83,000 దాటుతుంది!

అదే ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే డీజిల్ తేడానే 38,500. రిపేర్లూ పెరుగుతాయి, బండి షెడ్డులో ఉన్న రోజులూ పెరుగుతాయి. వాళ్లకు నేను పాత బండి చెప్పను.

కాగితాల ఖర్చు కూడా కలపాల. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. 20 ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో పెంచినారు. ఐదేళ్లకు పంచితే ఏటా 2,000. గ్రీన్ ట్యాక్స్ వేరే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ జీఎస్టీతో 4,030 దాకా.

రిపేర్లలో మొదట టైమింగ్ బెల్టు చూడండి. అది నడిమధ్యలో తెగితే వాల్వులు వంగి ఇంజన్ హెడ్ విప్పాల్సి వస్తుంది. ఇంజన్ సామాన్లు ఇండికావే గనక దొరుకుతాయి. వెనక డోరు, దాని అద్దం, వెనక లైట్లు మరీనాకు మాత్రమే వస్తాయి, వాటికి పాత ఇనుము షాపులే గతి. ఇంక టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, పట్టేసిన బ్రేకులు: మైలేజీ తగ్గితే ముందు ఇవి చూసి, తర్వాతే పంపు విప్పమనండి.

లెక్కలోకి రానిది ఒకటుంది. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. పిల్లల్ని ఎక్కించుకొని రాత్రిపూట హైవే మీద రోజూ పోయేవాళ్లు రూపాయల కంటే ముందు అది ఆలోచించాల. ఛాసిస్ తుప్పు పట్టినా అంతే, ఇంక డబ్బు పోయొద్దు.

మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు రాసుకోండి. అమ్మాలా ఉంచుకోవాలా అన్నది ఆ అంకెే చెప్తుంది. ఉంటాను, నమస్తే.