బెజ్జం తప్పితే ఇంజను మూలకే

(మా విలేఖరి)

వరి పొట్ట మీద ఉన్నప్పుడు తడి తప్పితే గింజ తాలుపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయిల్ ఇంజను బోల్టు మరలు అరిగి ఊడి వస్తే రైతు పాట్లు చెప్పనలవి కాదు. నీరు పెట్టే తొందరలో చేతికందిన బోల్టును పానాతో బలవంతంగా ఎక్కిస్తారు. దానితో చిన్న ఖర్చుతో పోయే పని కాస్తా ఇంజను బాడీకే ముప్పు తెస్తుంది.

బాడీకి బెజ్జం వేసి లోపల మరలు కోయడాన్ని లేత్ షాపుల్లో ట్యాపు కొట్టడం అంటారు. చూడడానికి చిన్న పనే. కాని ఇందులో బోల్టు కన్నా బెజ్జమే ముఖ్యం.

10 మి.మీ. బోల్టుకు 10 మి.మీ. బెజ్జం వేయరాదు. అలా వేస్తే మరలు కోయడానికి లోహమే మిగలదు. బోల్టు సైజులో నుంచి ఒక మరకూ ఇంకో మరకూ మధ్య ఉన్న దూరాన్ని తీసివేయగా వచ్చినదే బెజ్జం సైజు. మామూలుగా 6 మి.మీ. బోల్టుకు 5, 8 మి.మీ. బోల్టుకు 6.8, 10 మి.మీ. బోల్టుకు 8.5, 12 మి.మీ. బోల్టుకు 10.2 మి.మీ. డ్రిల్లు బిట్టు వాడాలి. బెజ్జం ఎక్కువైతే మరలు లోతుగా పడవు, బిగించగానే ఊడిపోతాయి. తక్కువైతే ట్యాపు లోపలే విరుగుతుంది. ట్యాపు గట్టి ఉక్కుతో చేసినది. విరిగిన ముక్క మీద మామూలు డ్రిల్లు దిగదు. అది బయటికి రావడం మహా కష్టం.

సూతుల బోల్టులకూ మిల్లీమీటర్ల బోల్టులకూ తేడా తెలియక చాలామంది మోసపోతున్నారు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండున్నర సూతుల బోల్టు కొలిస్తే 7.94 మి.మీ. ఉంటుంది. 8 మి.మీ. బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాని అంగుళం పొడవులో మొదటి దానికి 18 మరలుంటే, రెండో దానికి 20 పైగా ఉంటాయి. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన పద్ధతి అంగుళాల మరలది. అందులో మర కోణం 55 డిగ్రీలు, మిల్లీమీటర్ల మరలో 60 డిగ్రీలు. ఒకదానిలో మరొకటి పెడితే కొన్ని చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ ఆపక బలం పెడితే బాడీలోని మరలు పొడి అయి రాలుతాయి. పాత ఇంజన్లలో అంగుళాల బోల్టులు, కొత్త వాటిలో మిల్లీమీటర్ల బోల్టులు ఉండడం మామూలు. అందువల్ల షాపుకు పోయేటప్పుడు పాత బోల్టును తప్పక తీసుకుపోవాలి.

పని తెలిసిన మేస్త్రీ ముందు సెంటర్ పంచ్‌తో గుర్తు కొడతాడు. లేకుంటే బిట్టు పక్కకు జారుతుంది. బెజ్జం నిటారుగా దిగిందీ లేనిదీ మూలమట్టం పెట్టి చూస్తాడు. ట్యాపులు మూడింటి సెట్టుగా వస్తాయి. మొన సన్నగా ఉన్నది మొదట, మొండిది చివర వాడతారు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ పోతే పొట్టు తెగి ట్యాపు పట్టకుండా ఉంటుంది. ఉక్కుకు నూనె, అల్యూమినియానికి కిరోసిన్ వేస్తారు. పోత ఇనుముకు ఏమీ వేయనక్కరలేదు, పొడి దులిపితే చాలు. పోత ఇనుములో బోల్టు సైజుకు ఒకటిన్నర రెట్లు లోతున మరలు ఉండాలి. అలాగని లోతు చూడకుండా డ్రిల్లు దింపితే నీటి గదిలోకి బెజ్జం పడవచ్చు.

మరలు పోయిన బెజ్జం పనికిరాదని బెంగపడనక్కరలేదు. చుట్టూ కండ ఉంటే ఒక సైజు పెంచి కొత్త మరలు కోయవచ్చు. లేదా బుష్ వేసి పాత సైజుకే తేవచ్చు. తొందరపడి వెల్డింగు పెట్టించడం మంచిది కాదు. సరిగా వేడి చేయక, నెమ్మదిగా చల్లారనివ్వకపోతే పోత ఇనుము పగులుతుంది. అడుగు మూసి ఉన్న బెజ్జంలో నీరు, నూనె నిలిచి ఉండగా బోల్టు బిగించినా బాడీ చిట్లే ప్రమాదం ఉంది. గుడ్డతో తుడిచి బిగించాలి.

కనుక రైతులు లేత్ షాపులో రెండు మాటలు అడగాలి. ఇది సూతుల మరా, మిల్లీమీటర్ల మరా? ఏ బిట్టుతో బెజ్జం వేస్తున్నారు? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన చోటే ఇంజను విప్పించడం మేలు. కోతలయ్యాక తీరిగ్గా బోల్టులన్నీ ఒకసారి చూపించుకుంటే, పొట్ట దశలో షాపు ముందు పడిగాపులు పడే పని తప్పుతుంది.