ఖరీదైన పాత కారు: కొనేది ఒకసారి, పోషించేది ప్రతి నెలా

గత వేసవిలో ఒక మధ్యాహ్నం. జుహ్ర్ నమాజు ముగించుకుని మదరసా వరండాలో కూర్చున్నాను. మేనల్లుడి నుండి ఫోను వచ్చింది. "మామూ, కారు ఆగిపోయింది. బానెట్ కింది నుండి ఆవిరి వస్తోంది. అబ్బా వెనక సీట్లోనే ఉన్నారు" అన్నాడు. గుండె జబ్బుతో బాధపడుతున్న మా బావగారిని వైద్య పరీక్షల కోసం ముక్త్యాల నుండి విజయవాడ తీసుకువెళుతున్నాడు. నందిగామ దాటి, కీసర టోల్‌గేటు చేరకముందే జాతీయ రహదారి పక్కన కారు నిలిచిపోయింది. మరో వాహనం దొరికేవరకు, ఆ మండుటెండలో, ఒక టీ బడ్డీ నీడన ఆయన రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల ఆయనకు ఏ హానీ జరగలేదు. కానీ ఆ రెండు గంటలు మా ఇంటిల్లిపాదికీ ఒక పాఠం నేర్పాయి. ఆ పాఠాన్నే పాఠకులతో పంచుకోదలచాను.

మేనల్లుడు తొమ్మిదేళ్లు కువైట్‌లో కష్టపడి తిరిగివచ్చాడు. వడ్డీ అప్పు జోలికి పోకూడదన్న నియమంతో, చేతిలో ఉన్న ఏడున్నర లక్షలు పెట్టి పదేళ్ల నాటి జర్మనీ కారు ఒకటి కొన్నాడు. అప్పటికే అది 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. "కొత్తగా ఉన్నప్పుడు దీని వెల యాభై లక్షలకు దగ్గర, మామూ! ఇప్పుడు చిన్న కారు ధరకే దొరికింది" అని సంబరపడ్డాడు. ఊరివారూ మెచ్చుకున్నారు. ఇకముందు దాన్ని ఎలా పోషించాలన్న ప్రశ్న మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు.

ధర తగ్గింది దేనికి?

పాత కారు కొనేవారందరూ గ్రహించవలసిన మొదటి సత్యం ఇది. సంవత్సరాలు గడిచేకొద్దీ తగ్గేది కారు ధర మాత్రమే. దాని విడిభాగాల ధర తగ్గదు. యాభై లక్షల కారు ఏడున్నర లక్షలకు దొరకవచ్చు. దాని బ్రేకులు, షాక్ అబ్సార్బర్లు, గేరుబాక్సు మాత్రం యాభై లక్షల కారువిగానే మిగిలిపోతాయి. చిన్న కారు ఇంజిన్‌కు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ సరిపోతే, ఇటువంటి పెద్ద ఇంజిన్‌కు ఆరేడు లీటర్లు పడుతుంది. అదీ కంపెనీ పుస్తకంలో సూచించిన ప్రమాణానికి సరిపోయే సింథటిక్ ఆయిలే అయివుండాలి.

మా వాడి కారు ఎందుకు ఆగిందో మెకానిక్ విప్పి చూపించాడు. ఇంజిన్‌కు చల్లని కూలెంట్‌ను అందించే గొట్టాన్ని కలిపే ప్లాస్టిక్ భాగం ఒకటి ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి చిట్లిపోయింది. పాత యజమాని కూలెంట్ మార్పించిన దాఖలా ఎక్కడా లేదు. ఎర్ర దీపం వెలగగానే మేనల్లుడు ఇంజిన్ ఆపివేయడం మంచిదైంది. "ఇంకాస్త దూరమే కదా" అని కంచికచర్ల వరకు నడిపి ఉంటే, అల్యూమినియంతో చేసిన సిలిండర్ హెడ్ వేడికి వంగిపోయేది. అప్పుడు ఖర్చు వేలల్లో కాక లక్షల్లో తేలేది.

కిలోమీటర్లు శత్రువులు కావు

అలాగని ఎక్కువ తిరిగిన కారు పనికిరాదనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు ఉండేవారు. 1966లో ఆయన వోల్వో పి1800 కారు ఒకటి కొన్నారు. అదే కారు 2013 సెప్టెంబరులో 30 లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు పూర్తిచేసింది. ఒకే యజమాని చేతిలో అంత దూరం నడిచిన కారుగా అది గిన్నిస్ రికార్డులకెక్కింది. ఆయన పాటించిన పద్ధతిలో రహస్యమేమీ లేదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ పని ఎప్పుడు చేయాలని ఉందో అప్పుడే చేయించేవారు. ఆయిల్ మార్పును ఎన్నడూ వాయిదా వేయలేదు. వాహనాన్ని చంపేది తిరిగిన దూరం కన్నా తప్పిపోయిన తేదీలే.

ఏది ముందు, ఏది తరువాత?

మొదట ఒక కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళితే, 1,90,000 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టారు. అది చూసి మేనల్లుడు నీరుగారిపోయాడు. కారును అలాగే నడిపి, ఆగినప్పుడు చూసుకుందామన్నాడు. నేను వద్దన్నాను. విద్యార్థికి పది పాఠాలు బాకీ ఉంటే అన్నీ ఒకే రోజు చెప్పము కదా! ఆ కాగితంలోని పనులను తెలిసిన మెకానిక్ ఎదుట మూడు వరుసలుగా విడదీశాము.

మొదటి వరుస, ఒక్కరోజు కూడా ఆపరానివి: బ్రేకులు, టైర్లు, స్టీరింగు, కూలెంట్ వ్యవస్థ, ఇంజిన్ ఆయిల్. ఇవి ప్రాణానికి, ఇంజిన్‌కు సంబంధించినవి. టైరు అరుగుదలతో పాటు దాని వయసు కూడా చూడాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం.

రెండవ వరుస, తేదీ ప్రకారం చేయవలసినవి: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకొకసారి మార్చాలి. ఆటోమేటిక్ గేరుబాక్సులోని ఆయిల్ జీవితాంతం మార్చనక్కరలేదని కొందరు చెబుతారు. అటువంటి గేరుబాక్సులను తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లలోపు మార్చమని సూచిస్తోంది. ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంటే పుస్తకం చెప్పిన గడువు దాటనీయరాదు. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు దెబ్బతింటాయి.

మూడవ వరుస, వాయిదా వేయదగినవి: గీతలకు రంగు, సీట్ల తోలు, డోరులోని చిన్న శబ్దం, పనిచేయని అలంకార దీపం. 1,90,000 రూపాయల్లో గణనీయమైన భాగం ఈ వరుసలోనే తేలింది!

మన ప్రాంతానికి మరొక జాగ్రత్త అవసరం. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. లారీలు లేపే దుమ్ము ఎయిర్ ఫిల్టరును, ఏసీ ఫిల్టరును త్వరగా మూసివేస్తుంది. ఎండ రబ్బరును, ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. అందుచేత 15,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని పుస్తకంలో ఉన్నా, పాత ఇంజిన్‌కు 8,000 వద్దనే మార్పిస్తున్నాము. ఫిల్టర్లను ప్రతిసారీ తెరిచి చూస్తున్నాము.

ఎక్కడ చేయించాలి?

విజయవాడలోని ఆటోనగర్ 1960ల దశకం నుండి వాహనాల మరమ్మతులకు పేరుపొందిన చోటు. పెద్ద కార్ల పని తెలిసిన షెడ్లు నేడు నగరాలలో చాలానే ఉన్నాయి. ఎంచుకునే ముందు మూడు విషయాలు అడగండి. మీ కారు కంపెనీకి తగిన స్కానర్ ఉందా? మార్చిన పాత భాగాన్ని మీ చేతికి ఇస్తారా? బిల్లు మీద విడిభాగం నంబరు రాస్తారా? ఈ మూడింటికీ అవునన్న చోటనే కారు అప్పగించండి.

విడిభాగాల విషయంలో ఆదా చేసే న్యాయమైన మార్గం ఒకటుంది. కార్ల కంపెనీలు అన్ని భాగాలనూ తామే తయారుచేయవు. బాష్, మాలే, జెడ్‌ఎఫ్ వంటి సంస్థల నుండి తీసుకుంటాయి. కారు కంపెనీ ముద్ర లేకుండా, తయారీదారు సొంత పెట్టెలో దొరికే భాగం సాధారణంగా తక్కువ ధరకే వస్తుంది. అయితే నకిలీలు కూడా అదే పెట్టె రంగులో వస్తాయి. మరీ చౌకగా దొరికే బ్రేక్ ప్యాడ్ల దగ్గర ఆశపడకండి. బిల్లు లేని వస్తువు వద్దే వద్దు.

ఒక డబ్బా, ఒక నోటుపుస్తకం

మొదటి విడతలో కూలెంట్ పనికి 14,000, గేరుబాక్సు ఆయిల్, ఫిల్టరుకు 24,000, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లకు 8,500, మొత్తం 46,500 రూపాయలు అయింది. మేనల్లుడి దగ్గర అంత లేదు. ఆ మొత్తాన్ని కర్జె హసనాగా నేను సర్దాను. మా అక్కయ్య అటుకుల డబ్బా ఒకటి ఖాళీచేసి, "ప్రతి నెలా ఆరు వేలు ఇందులో పడాలి. పడని నెల కారు గడప దాటకూడదు" అని కొడుకును ఆదేశించింది. తరువాత బ్రేక్ ఆయిల్, ముందు ప్యాడ్లకు 9,500, రెండవసారి ఇంజిన్ ఆయిల్‌కు 8,500, ఏసీ ఫిల్టరు, వీల్ అలైన్‌మెంట్‌కు 3,500 ఖర్చయింది. ఏడాదిలో మొత్తం 68,000. డబ్బాలో పడినది 72,000. నా అప్పు తీరిపోగా 4,000 మిగిలింది. బీమా, పెట్రోలు వేరు. వచ్చే ఏడాది టైర్ల వంతు ఉంది కనుక డబ్బా మూత ఇప్పుడే తీయవద్దని అక్కయ్య హెచ్చరించింది.

ప్రతి పనినీ తేదీతో, మీటరు రీడింగుతో, బిల్లుతో సహా నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాడు. రేపు అమ్మవలసి వస్తే ఆ పుస్తకమే కారుకు సాక్ష్యం. ఏమి చేయించాడో, ఏమి చేయించలేదో కొనేవానికి దాచకుండా చూపించవచ్చు. తనకు అమ్మినవాడు అటువంటి పుస్తకం ఇచ్చి ఉంటే, ఆ రోజు బావగారు టీ బడ్డీ నీడన కూర్చోవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఇటువంటి కారు కొనాలనుకునే సోదరులకు నా సలహా ఒక్కటే. చేతిలో ఏడున్నర లక్షలుంటే ఆరున్నర లక్షల కారే చూడండి. ఆ మిగిలిన లక్ష మొదటి ఏడాది పోషణకు అట్టిపెట్టండి. ఆపై నెలనెలా కొంత పక్కన పెట్టగల ఆదాయం లేకపోతే, చిన్న కారు కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు. ఇంట్లో ఉన్న ముసలివారిని, పిల్లలను ఏ ఆటంకమూ లేకుండా గమ్యం చేర్చే కారే గౌరవమైన కారు.

మొన్న బావగారు మళ్లీ అదే కారులో విజయవాడ వెళ్లివచ్చారు. కీసర దాటేటప్పుడు ఆయన ముందుకు వంగి, "ఎర్ర దీపం ఏమైనా వెలుగుతోందా, బేటా?" అని అడిగారట. "లేదు అబ్బా, పుస్తకం చూసే బయలుదేరాను" అన్నాడట వాడు.