కంట్రోలు గదియు గోడ వెలుపలి జనమును

అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండువాడు పొయ్యి ప్రక్కనే నిలిచియుండును. పాకము రంగును కంట జూచును. పొంగు చప్పుడును చెవిని బెట్టి వినును. ఒక బొట్టును నీళ్లలో వైచి, వ్రేళ్ల నడుమ నలిపి చూచి పెనము దింపించును. ఒక పెనము దింపి మరియొకటి యెక్కించుటకు నడుమ ఆతనికి ఊపిరి దీసికొను వ్యవధియు గలదు. అచ్చటికి సమీపముననే, విశాఖపట్టణమున, 1957వ సంవత్సరమునుండి చమురుశుద్ధి కర్మాగారము పనిచేయుచున్నది. అచ్చట పెనము దింపుట యనునదియే లేదు. ముడిచమురు ఒకవైపున వచ్చుచునే యుండును; పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వేరొకవైపున వెడలుచునే యుండును. రాత్రి లేదు, పగలు లేదు, పండుగ లేదు. కాగుచున్న పదార్థము ఉక్కుగోడల నడుమ దాగియుండును. దానిని కంట జూచువా డెవడును లేడు.

కనుకనే ఇట్టి కర్మాగారములకు కంట్రోలు గది ఏర్పడినది. ఇద్దరు ముగ్గురు మనుష్యులు తెరల యెదుట గూర్చుండి, మైళ్లకొలది గొట్టములను, వందలకొలది వాల్వులను ఆ గదినుండియే నడపుదురు. ఇందలి సూత్రము సామాన్యమైనదే. ఒక సాధనము ఉష్ణోగ్రతనో, ఒత్తిడినో, ద్రవపు మట్టమునో కొలుచును, ఆ కొలతను ఉండవలసిన విలువతో పోల్చి, తేడాను బట్టి వాల్వును కొంచెము తెరచుటయో మూయుటయో జరుగును, మరల కొలుచును. ఇట్టి చక్రములు ఒక పెద్ద కర్మాగారమున వేలకొలదిగ నొక్కసారియే తిరుగుచుండును.

తొలుత ఈ వార్తలను గాలి మోసినది. సన్నని గొట్టములలోని గాలి యొత్తిడి చదరపుటంగుళమునకు 3 పౌనులున్న కనిష్ఠమనియు, 15 పౌనులున్న గరిష్ఠమనియు ఏర్పాటు. సున్ననుండి గాక 3 నుండి మొదలిడుటలో గొప్ప యుక్తి యున్నది. గొట్టము తెగినచో ఒత్తిడి సున్నకు పడిపోవును. అది కొలత కాదు, సాధనము చచ్చినదని గదిలోనివానికి తక్షణమే తెలియును. పిమ్మట వచ్చిన విద్యుత్సంకేతమునందును 4 నుండి 20 మిల్లీయాంపియరుల వరకని ఈ యుక్తినే నిలిపిరి. చచ్చిన సాధనమును పట్టుకొనుటకు ఉపాయము దొరకినది. బ్రదికియుండి అబద్ధమాడు సాధనము సంగతి యేమి? ఈ వ్యాసమున మేము విచారింప దలచినది దీనినే.

కంప్యూటరు ఈ పనికి వచ్చినది 1959లో. అమెరికాలోని పోర్ట్ ఆర్థరు నందలి టెక్సకో చమురు కర్మాగారమున ఒక యంత్రభాగమును, 26 ప్రవాహములను, 72 ఉష్ణోగ్రతలను గమనించుచు, ఒక కంప్యూటరు నడిపించినది. 1962లో ఇంగ్లండునందలి ఫ్లీట్‌వుడ్ సోడా కర్మాగారమున ఐ.సి.ఐ. కంపెనీవారు ఇంకొక యడుగు ముందునకు వేసిరి. ఫెరాంటీవారి కంప్యూటరు 129 వాల్వులను తానే నేరుగా త్రిప్పినది. అయితే ఒక్క కంప్యూటరు నమ్ముకొన్న కర్మాగారము, ఆ కంప్యూటరు మూర్ఛిల్లిననాడు తానును మూర్ఛిల్లును. అందుచేత 1975లో హనీవెల్, యొకొగావా కంపెనీలు వేరొక పద్ధతిని బజారులోనికి దెచ్చినవి. నియంత్రించు బుద్ధిని చిన్న చిన్న పెట్టెలలో పంచిపెట్టి, చూపును మాత్రము ఒక్క గదిలో ఉంచిరి. నేటి పెద్ద కర్మాగారములు చాలవరకు ఈ మార్గముననే నడచుచున్నవి. ఇందువలన ఇంధనము మిగిలినది, సరకు నాణ్యము నిలకడగొన్నది, పొగలో సెగలో తిరుగవలసిన కూలివాని కష్టము తగ్గినది. ఈ మేలును కాదనుట మా యుద్దేశము కాదు. ఈ పరికరములను చేయగల చేతులు మనకు లేకపోలేదు. 1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను మన అణువిద్యుత్కేంద్రములకు నియంత్రణ సాధనములను తయారుచేసియిచ్చినది.

కాని గదిలోనివాడు చూచునది యంత్రమును గాదు, యంత్రమును గూర్చి సాధనము చెప్పిన మాటను. అమెరికాలోని త్రీమైల్ ద్వీపమున 1979 మార్చి 28వ తేదీ వేకువజామున జరిగినది పాఠకులు వినియుందురు. అణుకుంపటిపై ఒత్తిడిని విడుదలచేయు వాల్వు తెరచుకొని, మరల మూతపడక నిలిచిపోయినది. గదిలోని దీపము మాత్రము ఆరిపోయినది. అది ఆరిన వాల్వు మూతపడినట్లని ఉద్యోగులు గ్రహించిరి. నిజమునకు ఆ దీపము తెలిపినది వాల్వు స్థితిని గాదు. మూసికొనుమని దానికి ఆజ్ఞ పోయినదని మాత్రమే. ఆజ్ఞ యిచ్చితిమి గనుక పని జరిగినదని తలచుట ప్రభుత్వ కార్యాలయములలో మన మెరుగనిది గాదు. అణుకేంద్రమున దాని ఫలము వేరు. కొలది నిమిషములలో నూరునకు మించిన హెచ్చరికలు మ్రోగినవి. హెచ్చరికలను అచ్చువేయు యంత్రము జరుగుచున్నదానికంటె రెండు గంటలు వెనుకబడినది. అణుకుంపటి గర్భమున కొంతభాగము కరగిపోయినది.

వేల్సుదేశమందలి మిల్ఫర్డ్ హేవెన్‌లో 1994 జూలై 24వ తేదీ, ఆదివారమునాడు, చమురు కర్మాగారమొకటి ప్రేలినది. అచ్చటను ఇదే కథ: మూతబడియున్న వాల్వు తెరచియున్నట్లు తెరపై కనబడినది. ప్రేలుటకు ముందు 11 నిమిషములలో ఇద్దరు ఉద్యోగుల పైకి వచ్చిపడిన హెచ్చరికలు 275. అనగా రెండు మూడు క్షణములకొకటి! వానిలో అధికభాగము అత్యవసరమైనవిగనే ఏర్పరుపబడియుండెను. అన్నియు అత్యవసరములైనప్పుడు ఏదియు అత్యవసరము గాదని ఆ హెచ్చరికలను ఏర్పరచినవారికి తోచలేదు. హెచ్చరికయొకటి చేర్చుటకు ఖర్చు లేదు. తీసివేయుటకు బాధ్యత వహించువాడు కావలెను. కావుననే అవి పెరిగినవి. 26 మంది గాయపడిరి. ప్రాణనష్టము లేకపోవుట ఆదివారపు చలువ.

2005 మార్చి 23వ తేదీని టెక్సస్ సిటీకి ఆ యదృష్టము పట్టలేదు. బి.పి. కంపెనీవారి చమురు కర్మాగారమున 170 అడుగుల గోపురమునందు ద్రవమును నింపుచుండిరి. మట్టము సుమారు 8 అడుగులనియు, అదియును తగ్గుచున్నదనియు సాధనము చెప్పుచుండెను. వాస్తవమున ద్రవము 158 అడుగులకు లేచియుండెను. లోనికి వచ్చు చమురు ఒక తెరపైనను, వెలుపలికి పోవునది వేరొక తెరపైనను కనబడుటచే, రెంటిని కూడి తీసివేసి చూచుకొనుట ఉద్యోగికి సులభము గాకపోయినది. ఆ యొక్క ఉద్యోగియే మూడు యంత్రభాగములను నడపుచుండెను. పండ్రెండేసి గంటల షిఫ్టున, నెల దినములుగ విశ్రాంతి లేక పనిచేయుచుండెను. రెండవ ఉద్యోగి స్థానము పొదుపు పేర అంతకుముందే రద్దయినది. 15 మంది మరణించిరి. వారందరును కంట్రోలు గదిలోనివారు గారు, ఆ సమీపమున తాత్కాలిక గదులలోను, వాని చుట్టుపట్లను ఉన్నవారు.

ఇక విశాఖపట్టణమునకే వత్తము. ఇచ్చటిది నడచుచున్న యంత్రము గాదు, నిలువయుంచిన ట్యాంకు; అయినను కనిపెట్టియుండవలసిన కన్ను ఒక్కటే. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి ఆర్.ఆర్. వెంకటాపురముపై కమ్మినది. 12 మంది అసువులు బాసిరి. స్టైరీను వేడెక్కినచో తనలో తానే గడ్డకట్టనారంభించును. గడ్డకట్టినకొలది మరింత వేడి పుట్టును. ఆ వేడి ట్యాంకు పైభాగమున రేగినది. ఉష్ణోగ్రతను కొలుచు సాధనమో, అడుగున నున్నది. మధ్యను, పైనను లేదు. అడుగున చల్లగనున్న ద్రవమును జూచి లెక్క వ్రాసికొన్నవాడు అబద్ధము వ్రాయలేదు; ఆతనికి నిజము చెప్పువారే లేరు. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘమువారు తమ నివేదికలో ఈ లోపమును వెల్లడించిరి. సైరను మ్రోగించుటకు 36 చోట్ల మీటలున్నను ఒక్కటియు నొక్కబడలేదని కూడ తెలిపిరి. గ్రామము నిద్రలోనే ఆవిరిని పీల్చినది.

ఈ రెండవ సంగతి మమ్ము మొదటిదానికంటె నెక్కువ కలతపెట్టుచున్నది. ఉష్ణోగ్రతా సాధనమును ఎచ్చట నుంచవలెనన్నది ఇంజనీరుల పని, దానిని సరిదిద్దవచ్చును. మీట నొక్కకపోవుట యంత్రలోపము గాదు. సైరను మ్రోగించి, తరువాత అపాయ మేమియు లేదని తేలినచో, ఆ ఉద్యోగి యుద్యోగ మేమగును? కర్మాగారమును ఆపినందున కలిగిన నష్టమునకు సంజాయిషీ యెవ్వరికి చెప్పుకొనవలెను? తెరపై వేలకొలది అంకెలను కేంద్రీకరించి, ఆపు అధికారమును మాత్రము ఆ గదికి మీదియంతస్తులలో నుంచిన పద్ధతి కేంద్ర నియంత్రణము గాదు. కన్ను ఒకచోట, చేయి వేరొకచోట.

1984 నాటి భోపాలు ఘోరము తరువాత, 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, అపాయకరములైన పరిశ్రమలు తమ వివరములను కార్మికులకేగాక పరిసరములందలి ప్రజలకును తెలుపవలెనని విధించిరి. అది జరిగి ముప్పదిమూడేండ్లయిన తరువాత కూడ వెంకటాపురమువారికి ప్రక్కగోడ లోపల నున్న ద్రవము పేరు ప్రమాదము జరిగినపిదప గాని తెలియలేదన్న, కాగితముమీది తెలియజేత యెట్టిదో గ్రహింపవచ్చును. పరవాడ, అచ్యుతాపురము మొదలగు చోట్ల కర్మాగారముల ప్రక్కననే జనులు కాపురమున్నారు. వారు అడుగవలసిన ప్రశ్నలు క్లిష్టమైనవి గావు. ఏ ట్యాంకున ఎన్ని చోట్ల కొలుచుచున్నారు? రాత్రి షిఫ్టున ఒక్కొక్కనికి ఎన్ని యంత్రములు? సైరనును చివరిసారి పరీక్షించినది ఎన్నడు? మీట నొక్కుటకు గదిలోనివాడు ఎవ్వరి సెలవైనను పొందవలెనా? పొందవలెనన్నచో, తెల్లవారుజామున మూడు గంటలకు ఆ సెలవిచ్చు పెద్దమనుష్యుడు ఎచ్చట నిద్రించుచుండునో, ఆ చిరునామా కూడ గ్రామమువారికి తెలుపుట న్యాయము.