గిడ్డంగి ఎక్కడ కట్టాలి?

సబ్బులు, మందులు, విత్తనాలు - చాలా సరుకులు ఫ్యాక్టరీ నుంచి నేరుగా మన ఊరికి రావు. పెద్ద లారీల్లో ఒక ప్రాంతీయ గిడ్డంగికి చేరి, అక్కడినుంచి కొద్దికొద్దిగా చుట్టుపక్కల ఊళ్ళకు వెళతాయి. ఆ గిడ్డంగిని ఎక్కడ కట్టాలి? "అన్ని ఊళ్ళకూ మధ్యలో" అని వెంటనే అనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో చూద్దాం.

హైదరాబాదు నుంచి విజయవాడకు రోడ్డు దూరం సుమారు 275 కి.మీ. దారిలో సూర్యాపేట సుమారు 135 కి.మీ. దగ్గర ఉంది. ఒక కంపెనీ వారానికి హైదరాబాదుకు 6, సూర్యాపేటకు 1, విజయవాడకు 4 లారీల సరుకు పంపాలనుకుందాం. ఫ్యాక్టరీ నుంచి గిడ్డంగికి చేర్చే ఖర్చు ఎక్కడైనా ఒకటే అనుకుందాం.

లారీల సంఖ్యను బట్టి దూరాల సగటు తీస్తే హైదరాబాదుకు 112 కి.మీ. దూరంలోని స్థలం వస్తుంది. గిడ్డంగి అక్కడుంటే లారీలన్నీ కలిసి ఒకవైపు తిరిగే దూరం 1347 కి.మీ. హైదరాబాదులోనే ఉంటే 1235 కి.మీ. మాత్రమే! కారణం తేలికే. గిడ్డంగిని హైదరాబాదు నుంచి 1 కి.మీ. ముందుకు జరిపితే 5 లారీలకు 1 కి.మీ. తగ్గుతుంది, 6 లారీలకు 1 కి.మీ. పెరుగుతుంది. అంటే జరిపినకొద్దీ నష్టమే.

మీరే చేసి చూడండి

ఊళ్ళు ఒకే దారిలో లేకపోతే? ఒక చెక్కపై పటం అతికించి, ఊళ్ళున్న చోట నున్నని రంధ్రాలు చేయండి. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో దారం దూర్చి, పై కొసలన్నీ కలిపి ముడివేయండి. కింది కొసలకు లారీల సంఖ్యకు తగిన బరువులు కట్టి, చెక్కను బల్లపరుపుగా ఎత్తి పట్టుకోండి. బరువులు వీలైనంత కిందికి దిగాలని చూస్తాయి. దారాల రాపిడి తక్కువైతే, ముడి ఆగిన చోటే మొత్తం దూరం కనిష్ఠం. ఒక బరువు మిగతా అన్నిటి మొత్తం కంటే ఎక్కువైతే ముడి ఆ రంధ్రం దగ్గరికే పోతుంది. జర్మన్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ వెబర్ పరిశ్రమల స్థానాలపై 1909లో రాసిన గ్రంథంతో ఈ సమస్య ప్రసిద్ధికెక్కింది.

పన్నుల ప్రభావం

దూరం ఒక్కటే చాలదు. మన దేశంలో 2017 జూలై 1న జి.ఎస్.టి. రాకముందు రాష్ట్రాల మధ్య అమ్మకంపై కేంద్ర అమ్మకపు పన్ను ఉండేది. సొంత డిపోకు సరుకు తరలిస్తే అది అమ్మకం కాదు గనుక ఆ పన్ను పడేది కాదు. అందుకే చాలా కంపెనీలు రాష్ట్రానికొక డిపో పెట్టుకునేవి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో హైదరాబాదు, విజయవాడ వేర్వేరు రాష్ట్రాల్లోకి వచ్చాయి. జి.ఎస్.టి. తర్వాత దూరం, సమయం లెక్కలకు మళ్ళీ ప్రాధాన్యం వచ్చింది.

అదే దారి, మరో జవాబు

ఇప్పుడు ఆ గిడ్డంగిలో ఉన్నది పాముకాటు మందు అనుకోండి. మందు నిండుకున్న ఆసుపత్రికి మొత్తం లారీల ఖర్చుతో పనిలేదు. తనకు ఎంతసేపట్లో అందుతుందన్నదే ముఖ్యం. హైదరాబాదులో గిడ్డంగి ఉంటే విజయవాడ 275 కి.మీ. దూరమవుతుంది. సూర్యాపేటలో ఉంటే ఏ ఊరూ 140 కి.మీ. మించదు. అందుకు వారానికి 135 కి.మీ. అదనపు ప్రయాణం భరించాలి.

కనుక పటం తెరిచే ముందే తేల్చుకోవలసింది ఒకటుంది: మొత్తం ఖర్చు తగ్గాలా, అన్నిటికంటే దూరంలో ఉన్నవారికి త్వరగా అందాలా? వరద ముంపు, విద్యుత్తు, రోడ్ల పరిశీలన ఆ తర్వాతి పని.