మూలసంకేతమునుండి పరికరనిర్మాణము

తాళపత్రమాతృక చేతనున్నచో ముద్రితగ్రంథమునందలి దోషమును సవరించుట పరిష్కర్తకు సుకరము. మాతృక దొరకనిచో ఊహయే శరణ్యము. కంప్యూటరుపై తెలుగును చూపు పరికరములకును ఈ న్యాయమే వర్తించును.

మనుష్యులు చదువదగునట్లు రచింపబడిన ఆజ్ఞల సముదాయమే మూలసంకేతము. కంపైలరు దానిని యంత్రము గ్రహించు సంకేతములుగా మార్చగా సిద్ధపరికర మేర్పడును. సిద్ధపరికరమును వాడవచ్చునే గాని చదివి దిద్దుట దుష్కరము. అందువలన 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నము, మూలమును చదువుటకును మార్చుటకును పంచుటకును అందరికి అధికార ముండవలెనని నిర్ణయించినది. ఆ ప్రయత్నమున పుట్టిన జీసీసీ కంపైలరు 1987లో వెలువడినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ ఈ మార్గముననే తెలుగు లైనక్సును రూపొందించినది.

భాషాపండితులకు దీనితో పనియేమన, యూనికోడునందు తెలుగువర్ణములన్నియు ఒకనాడే చేరలేదు. దంత్యములగు ౘ, ౙలు 2008లోను, ప్రాచీనశాసనములందలి ఴకారము 2014లోను, ౚ 2015లోను, నకారపొల్లు 2021లోను చేరినవి. నకిరేకల్లునందలి ఉపాధ్యాయు డొకడు పాతముద్రణ నొకదానిని యథాతథముగా ఎత్తివ్రాయ బూనెననుకొందము. 2021కి పూర్వపు పరికరమున నకారపొల్లున్నచోట శూన్యచతురస్రమో, కూర్పునందు దోషమో కనబడవచ్చును. కారణములు రెండు: లిపిలో ఆ రూపము లేకపోవుట యొకటి, అక్షరములను కూర్చు పరికరపు వర్ణపట్టికలో దాని వర్గము లేకపోవుట రెండవది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ మొదలగువానిలో ఈ కూర్పుపని చేయునది హార్ఫ్‌బజ్. దాని మూలము బహిరంగము; పట్టికయు యూనికోడువారి దత్తాంశమునుండియే పుట్టును. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన లిపులును స్వేచ్ఛానుమతితో లభించుచున్నవి. కావున రెండు లోపములును దిద్దదగినవే.

నిర్మాణక్రమ మిట్టిది. మొదట కర్తలు వెలువరించిన మూలమును తెచ్చి, వారు ప్రకటించిన సరిచూపు సంఖ్యతో పోల్చవలెను. ప్రక్షిప్తములున్నచో ఇచ్చటనే బయటపడును. పిమ్మట మూట విప్పి, అందలి సూచనాపత్రమును చదువవలెను. గ్నూ సంప్రదాయమున ‘కాన్ఫిగర్’ అను ఆజ్ఞ, కావలసిన కంపైలరును గ్రంథాలయములును యంత్రమున గలవో లేవో పరీక్షించును. ఇచ్చట ఆగినచో లోపించిన దానిపేరు చివరి పంక్తులలో నుండును. దానిని తెచ్చి మరల ఆరంభింపవలెను. ‘మేక్’ అనునది 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ నిర్మించినది. మారిన భాగములను మాత్రమే మరల కంపైలు చేయుట దాని విశేషము. తుదకు ‘మేక్ ఇన్‌స్టాల్’ సిద్ధపరికరమును స్థాపించును. స్థాపనస్థానమును సొంత సంచయముగా ముందే నిర్దేశించినచో వ్యవస్థలోని పాతకూర్పు చెడదు. హార్ఫ్‌బజ్ నేడు మేసన్, నింజా అను పరికరములతో నిర్మింపబడుచున్నను, పరీక్ష, నిర్మాణము, స్థాపనము అను క్రమ మదియే.

సిద్ధపరికరము చాలినచోట ఈ శ్రమ అనావశ్యకము. కాని ఒక వర్ణము లోపించినపుడు పరుల దయకై వేచియుండుటయా, మూలమును తెరచి దిద్దుటయా అను ప్రశ్న పుట్టును. మాతృకల విలువ నెరిగినవారికి ఉత్తరము వేరుగ చెప్పనక్కరలేదు.